455 నుంచి 121 మిల్లీ ఆంపియర్లకు: పిన్ని పాఠాల ఆంప్లిఫయర్ డైరీ

మల్కాజిగిరిలో మా పిన్ని వారానికి ఆరు సాయంత్రాలు, రోజుకు రెండు గంటలు, తమ అపార్టుమెంటు డాబా మీద పిల్లలకు కర్ణాటక సంగీతం చెబుతుంది. డాబా మీద ప్లగ్గు లేదు. నాలుగేళ్ల క్రితం నేను కట్టిచ్చిన ఆంప్లిఫయర్ 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల లెడ్ యాసిడ్ బ్యాటరీతో నడుస్తుంది. సోమవారం నిండుగా చార్జి చేస్తే శుక్రవారం పాఠం మధ్యలో పెట్టె గొంతు పోతోంది. బ్యాటరీ రెండు కిలోల పైమాటే. దాన్ని మధ్యలో కిందికి దించి, చార్జి చేసి, మళ్లీ మెట్లెక్కించేది కూడా పిన్నే. అందుకే ఆ పెట్టె తాగే కరెంటును తగ్గించే పని పెట్టుకున్నాను.

ఇలాంటి పెట్టెలు హైదరాబాదులో గుళ్లలో, బడుల్లో, వీధి సభల్లో చాలా ఉన్నాయి. ఎవరైనా ఇదే పని చేయదలిస్తే నా కొలతలు, తప్పులు పనికొస్తాయని రాసి పెడుతున్నాను.

దశ 0: ముందు కొలత

పెట్టెలో ఉన్నవి ఇవి. బ్యాటరీ 12 వోల్టులను 24కు పెంచే ఎక్స్‌ఎల్ 6009 బూస్ట్ మాడ్యూల్. దాని మీద విడి ట్రాన్సిస్టర్లతో కట్టిన క్లాస్ ఏబీ ఆంప్లిఫయర్ (తరంగం పై సగాన్ని ఒక ట్రాన్సిస్టరు, కింది సగాన్ని ఇంకొకటి మోసే రకం): చివర టిప్ 41సి, టిప్ 42సి జంట, ఎమిటర్లలో 0.22 ఓమ్ రెసిస్టర్లు, 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా 8 ఓమ్ స్పీకరు. మైకుకూ, తంబుర నాదమిచ్చే శ్రుతిపెట్టెకూ రెండు ఎన్‌ఈ 5532 ఐసీలతో ప్రీ-ఆంప్, అంటే సన్నటి సంకేతాన్ని ముందుగా పెంచే భాగం. స్పీకరుకు రిలే, ముందు పలకకు నీలం ఎల్‌ఈడీ, దాని పక్కన ఎగిరిపడే ఎల్‌ఈడీల మీటరు.

మొదటి కొలతలోనే పొరపాటు జరిగింది. మల్టీమీటరును మిల్లీ ఆంపియర్ రేంజిలో బ్యాటరీకి వరుసలో పెట్టాను. మీటరే దాదాపు 0.4 వోల్టు తినేసింది. బూస్ట్ మాడ్యూల్ గుణం ఏమిటంటే, లోపలికొచ్చే వోల్టేజి తగ్గితే అదే పవర్ కోసం ఎక్కువ కరెంటు లాగుతుంది. అంటే మీటరు పెట్టడంతోనే నేను కొలిచే సంఖ్య మారిపోతోంది. ఆ రోజు రాసుకున్న అంకెలన్నీ కొట్టేశాను. తరువాత పాటించిన పద్ధతి:

1. ఐఎన్‌ఏ 219 అనే కరెంటు కొలిచే మాడ్యూలును బ్యాటరీ ప్లస్ తీగలో పెట్టాలి. దాని మీద ఉండే షంటు, అంటే కరెంటు కొలిచే చిన్న రెసిస్టరు, 0.1 ఓమ్ మాత్రమే.
2. రీడింగులు రాసుకునే ఆర్డుయినో బోర్డుకు (నా లాగర్ ఇదే) వేరే పవర్ బ్యాంకు నుంచి కరెంటు ఇవ్వాలి. లేకపోతే దాని తిండి కూడా మన లెక్కలో పడుతుంది.
3. మాడ్యూలును 128 శాంపిళ్ల సగటులో పెట్టాలి. పాట కరెంటు ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఒక్క శాంపిలును నమ్మకూడదు.
4. పోలికలన్నీ 12.5 వోల్టుల దగ్గరే చేయాలి.
5. డిస్టార్షన్ (శబ్దం ఎంత వికృతమవుతోందో) కొలవడానికి ల్యాప్‌టాప్ సౌండ్ కార్డు చాలు. ముందు 10 కిలో-ఓమ్, 1 కిలో-ఓమ్ డివైడరు పెట్టి, రెండు 1ఎన్ 4148 డయోడ్లను ఎదురెదురుగా కలిపాను. ల్యాప్‌టాప్‌ను చార్జరు తీసేసి వాడాలి.

పాట లేకుండా, వాల్యూమ్ సున్నాలో, పెట్టె చల్లగా ఉన్నప్పుడు వాటా ఇలా తేలింది:

పవర్ ఆంప్, బూస్ట్ కలిపి: 221 మి.ఆం.
రిలే: 31 మి.ఆం.
ప్రీ-ఆంప్, దానికి 9 వోల్టులు నిలకడగా ఇచ్చే 7809 రెగ్యులేటరు: 22 మి.ఆం.
నీలం ఎల్‌ఈడీ: 11 మి.ఆం.
ఎల్‌ఈడీ మీటరు: 9 మి.ఆం.
మొత్తం: 294 మి.ఆం.

పాఠం జరుగుతుండగా రెండు గంటల సగటు 455 వచ్చింది. పాట కోసమే అంత ఖర్చవుతోందని మొదట నమ్మాను. స్పీకరు దగ్గర కొలిస్తే పిన్ని పాఠం సగటు 0.7 వోల్టులు, అంటే 60 మిల్లీవాట్లు. 6 వాట్లు ఇవ్వగల పెట్టె నుంచి వాడుతున్నది అందులో వందో వంతు. మరి తక్కిన కరెంటు ఎటు పోతోందో మూడో దశలో దొరికింది.

పాత బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి చూస్తే ఇప్పుడు 4.1 ఆంపియర్-గంటలే ఇస్తోంది. లెడ్ యాసిడ్‌ను సగానికి మించి తోడకపోతే ఎక్కువ కాలం మన్నుతుంది. కాబట్టి వారానికి 12 గంటల పాఠానికి 2.05 ఆంపియర్-గంటలు. లక్ష్యం: పాఠం సగటు 170 మి.ఆం. లోపు. వినిపించేదాంట్లో తేడా రాకూడదు.

దశ 1: చిల్లర ఖర్చులు

రిలేతో మొదలుపెట్టాను. లాగేటప్పుడు పూర్తి వోల్టేజి ఇచ్చి, తరువాత సగంతో పట్టి ఉంచవచ్చు. కాయిల్ 400 ఓమ్. దానికి వరుసలో 390 ఓమ్, ఆ రెసిస్టరుకు సమాంతరంగా 470 మైక్రోఫారడ్ పెడితే 31 కాస్తా 16 అయింది. మర్నాడు సర్క్యూట్ బొమ్మ ముందేసుకుని కూర్చుంటే అసలు సంగతి తట్టింది. స్పీకరుకు ముందు 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది. ట్రాన్సిస్టరు షార్టయినా డీసీ స్పీకరు దాకా నిలకడగా వెళ్లదు. ఇక రిలే చేస్తున్నది ఆన్ చేసినప్పుడు వచ్చే 'ధబ్' శబ్దాన్ని ఆపడం ఒక్కటే. ఆ పనికి నిరంతరం 31 మి.ఆం. పోయడం అన్యాయం.

1. రిలే తీసేశాను.
2. సగం వోల్టేజి ఇచ్చే 47 కిలో-ఓమ్ జంట దగ్గర కెపాసిటరును 10 నుంచి 100 మైక్రోఫారడ్‌కు పెంచాను. వోల్టేజి రెండు మూడు సెకన్లలో మెల్లగా లేస్తుంది, ధబ్ పోయింది.
3. నీలం ఎల్‌ఈడీ రెసిస్టరును 820 ఓమ్ నుంచి 10 కిలో-ఓమ్‌కు మార్చాను. 11 నుంచి 1కి దిగింది. ఇప్పటి ఎల్‌ఈడీలకు డాబా మీది సాయంత్రపు వెలుగులో అది చాలు.
4. ఎల్‌ఈడీ మీటరుకు నొక్కుడు స్విచ్చి పెట్టాను. అవసరమైనప్పుడు నొక్కి చూస్తే సరి.

పాట లేకుండా మొత్తం: 244 మి.ఆం. ఖర్చు: 22 రూపాయలు.

దశ 2: ప్రీ-ఆంప్

ఎన్‌ఈ 5532 ఒక్కొక్కటి 8 మి.ఆం. తాగుతోంది. అదే పని చేసే టీఎల్ 062లో రెండు ఆంప్‌లూ కలిపి 0.4 మాత్రమే. రెండింటినీ మార్చేశాను. కరెంటు చక్కగా పడిపోయింది, కానీ మైకు తెరవగానే సుయ్‌మని వాన పడుతున్నట్టు హోరు.

కారణం డేటా షీట్లలోనే ఉంది. 600 ఓమ్ మైకు తన వేడి వల్లనే హెర్ట్జ్ వర్గమూలానికి సుమారు 3 నానోవోల్టుల నాయిస్ పుట్టిస్తుంది. ఎన్‌ఈ 5532 దానికి 5 కలుపుతుంది, టీఎల్ 062 అయితే 42 కలుపుతుంది. కానీ ఈ లెక్క మొదటి మెట్టుకే వర్తిస్తుంది. అక్కడ సంకేతం యాభై రెట్లు పెరిగిపోయాక తరువాతి మెట్టులో ఆ 42 మైకు నాయిస్ కింద మునిగిపోతుంది. మైకు ఐసీని ఎన్‌ఈ 5532గానే ఉంచి, శ్రుతిపెట్టెనూ మైకునూ కలిపే రెండో ఐసీని మాత్రం టీఎల్ 062 చేశాను. హోరు పూర్వస్థితికి వచ్చింది.

టీఎల్ 062 నెమ్మదైన ఐసీ కదా, వేగం సరిపోతుందా అని సందేహం రావచ్చు. 20 కిలోహెర్ట్జ్ వద్ద 3 వోల్టుల శిఖరానికి మైక్రోసెకనుకు 0.38 వోల్టు వేగం కావాలి. దీనికి 3.5 ఉంది. దాని అవుట్‌పుట్‌కు 10 కిలో-ఓమ్ కంటే తక్కువ లోడు పెట్టకుండా చూసుకుంటే చాలు.

ఐసీలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కోఠీ గుజరాతీ గల్లీలో రెండు దుకాణాల్లో తీసుకున్నాను. ఒకచోట ఇచ్చిన దాని మీద టీఎల్ 062 అని ఉంది కానీ 2.9 మి.ఆం. తీసుకుంది. అది టీఎల్ 072 తాగే కరెంటు. మీద అక్షరాలు ఏమున్నా సరే, ఇంటికి తెచ్చాక బోర్డులో పెట్టే ముందు కరెంటు కొలవండి.

7809 తన కోసమే 5 మి.ఆం. తీసుకుంటోంది. దాన్ని తీసేసి 100 ఓమ్, 1000 మైక్రోఫారడ్ ఫిల్టరు పెట్టాను. ఆ సాయంత్రం వాల్యూమ్ పెంచగానే పెట్టె డుబ్ డుబ్‌మని పడవ ఇంజినులా కొట్టుకుంది. పవర్ ఆంప్ లాగినప్పుడల్లా సన్నటి ఉమ్మడి తీగలో వోల్టేజి కుంగి, ఆ కుంగు ప్రీ-ఆంప్‌లోకి దూరి, పెరిగి మళ్లీ పవర్ ఆంప్‌కే చేరుతోంది. ఇంతకాలం 7809 దీన్ని కప్పి ఉంచింది. పరిష్కారం రెండు పనులు:

1. ప్రీ-ఆంప్‌కు బ్యాటరీ టెర్మినల్ నుంచే విడిగా రెండు తీగలు, ప్లస్సూ గ్రౌండూ.
2. ప్రీ-ఆంప్ సగం వోల్టేజి బిందువు దగ్గర 220 మైక్రోఫారడ్.

ప్రీ-ఆంప్ 22 నుంచి 9కి దిగింది. మొత్తం: 231 మి.ఆం. ఇప్పటిదాకా ఖర్చు: 97 రూపాయలు.

దశ 3: బయాస్

బయాస్ అంటే పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారనిచ్చే కాస్త కరెంటు. ఎక్కువ రోజులు పట్టింది ఇక్కడే. ఎక్కువ మంది చెడగొట్టేది కూడా ఇక్కడే.

0.22 ఓమ్ మీద 19 మిల్లీవోల్టులు ఉన్నాయి, అంటే పాట లేనప్పుడు కూడా 86 మి.ఆం. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల గుండా ప్రవహిస్తోంది. ప్రీసెట్ (స్క్రూడ్రైవరుతో తిప్పే చిన్న రెసిస్టరు) తిప్పి దాన్ని 5 మి.ఆం.కు తెచ్చాను. ఒక్క స్క్రూడ్రైవరు తిప్పుతో సగం సమస్య తీరినట్టు కనిపించింది. పెద్ద శబ్దంలో వింటే ఏ తేడా తెలియలేదు. ఆ నమ్మకంతోనే డాబా మీదికి పంపాను.

రాత్రి ఫోను వచ్చింది. "ఏరా, తంబురకు జలుబు చేసిందా? మీటు ఆగిపోయేటప్పుడు గరగరమంటోంది."

పిన్ని చెవికి పట్టిన దాన్ని మర్నాడు కొలిచాను:

86 మి.ఆం. బయాస్: 1 వాటు వద్ద 0.08 శాతం, 50 మిల్లీవాట్ల వద్ద 0.07 శాతం
5 మి.ఆం. బయాస్: 1 వాటు వద్ద 0.31 శాతం, 50 మిల్లీవాట్ల వద్ద 1.2 శాతం

తరంగం సున్నాను దాటే చోట ఒక ట్రాన్సిస్టరు వదిలేశాక రెండోది అందుకునేలోపు చిన్న మెలిక పడుతోంది. శబ్దం ఎంత తక్కువైతే ఆ మెలిక వాటా అంత పెద్దది. తంబుర నాదం సన్నగిల్లుతూ నిశ్శబ్దంలోకి జారే భాగం సరిగ్గా అక్కడే ఉంటుంది. డేటా షీట్లలో పెద్ద అక్షరాలతో రాసే గరిష్ఠ పవర్ వద్ద కొలిస్తే ఈ లోపం కనిపించదు. సంగీతానికి వాడే ఆంప్లిఫయరును 50 మిల్లీవాట్ల వద్ద కొలవకుండా ఎవరికీ ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

దారి చూపిన లెక్క హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పనిచేసిన బెర్నార్డ్ ఆలివర్ 1971లో ఇచ్చినది: ఎమిటర్ రెసిస్టరు మీద దాదాపు 26 మిల్లీవోల్టులు ఉంటే ఈ అతుకు అన్నిటికన్నా నునుపుగా ఉంటుంది. ట్రాన్సిస్టరు లోపలి రెసిస్టెన్సు కూడా కొంత ఉంటుంది కనుక ఆచరణలో కాస్త తక్కువే చాలు. అంటే పట్టుకోవలసింది కరెంటును కాదు, రెసిస్టరు మీది వోల్టేజిని. రెసిస్టరును పెంచితే అదే వోల్టేజికి కరెంటు తగ్గుతుంది. 0.22 ఓమ్‌కు 118 మి.ఆం. కావలసిన చోట 0.47 ఓమ్‌కు 55 చాలు.

మరి 1 ఓమ్ పెడితే 26తోనే సరిపోదా? పెట్టి చూశాను. అతుకు నునుపుగానే ఉన్నా, రెసిస్టరు పెద్దదైన కొద్దీ మిగిలే అసమానత కూడా పెరుగుతుంది. 50 మిల్లీవాట్ల వద్ద 0.19 శాతం వచ్చింది. 0.47 దగ్గరే ఆగాను.

ఇక పాఠంలో కరెంటు ఎందుకు అంత పెరుగుతోందో ఈ దశలోనే తేలింది. చల్లగా ఉన్నప్పుడు 86 ఉన్న బయాస్, డాబా మీద నలభై నిమిషాలయ్యాక 141కి చేరుతోంది. బయాస్ నిలబెట్టే బీడీ 139 ట్రాన్సిస్టరును నాలుగేళ్ల క్రితం హీట్ సింక్‌కు బిగించకుండా బోర్డు మీదే వదిలేశాను. ట్రాన్సిస్టరు బేస్-ఎమిటర్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. అవుట్‌పుట్ జంట వేడెక్కుతున్న సంగతి బీడీ 139కు తెలియకపోతే బయాస్‌ను ఎలా తగ్గిస్తుంది? మే నెల హైదరాబాదు సాయంత్రం 38 డిగ్రీలు ఉండగా హీట్ సింక్ 66 డిగ్రీలు చూపింది.

1. 0.47 ఓమ్, 5 వాట్ల సిమెంటు రెసిస్టర్లు రెండు.
2. బీడీ 139ను మూడు తీగలతో పొడిగించి, మైకా ముక్క, థర్మల్ పేస్టు పెట్టి, టిప్ 41సి పక్కనే హీట్ సింక్‌కు బిగించడం.
3. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సరఫరా తీగలో 10 ఓమ్, 5 వాట్ల రెసిస్టరు వరుసలో ఉంచడం. నేను ప్రీసెట్‌ను తప్పు చివరకు తిప్పి ఉంచాను. ఈ రెసిస్టరు వేడెక్కి నాకు చెప్పింది, ట్రాన్సిస్టర్లు బతికాయి.
4. అరగంట వేడెక్కనిచ్చి అప్పుడు బయాస్ సరిచేయడం: రెసిస్టరు మీద 21 మిల్లీవోల్టులు, అంటే 45 మి.ఆం.

గంట తరువాత 48. డిస్టార్షన్ 1 వాటు వద్ద 0.10, 50 మిల్లీవాట్ల వద్ద 0.08 శాతం. పవర్ ఆంప్, బూస్ట్ వాటా 221 నుంచి 130కి వచ్చింది.

మొత్తం: 140 మి.ఆం. ఇప్పటిదాకా ఖర్చు: 134 రూపాయలు.

దశ 4: 24 వోల్టులు ఎందుకు?

క్లాస్ ఏబీలో స్పీకరుకు వెళ్లే కరెంటు ఎంతైనా, అది సరఫరా నుంచి పూర్తి వోల్టేజితో గుణించుకుని ఖర్చవుతుంది. క్లాస్ బీకి చెప్పే 78.5 శాతం సామర్థ్యం చివరి అంచు దాకా ఊగినప్పటి మాట. 24 వోల్టుల మీద 0.7 వోల్టు పాట పాడితే మిగతాదంతా హీట్ సింక్‌కు వేడి.

రెండు పాఠాల పాటు స్పీకరు వోల్టేజి శిఖరాలను నమోదు చేశాను. పిన్ని తారస్థాయి షడ్జంలో మైకుకు దగ్గరగా వచ్చినప్పుడు 4.6 వోల్టులు. అంతకు మించి ఒక్కసారి కూడా లేదు.

బూస్ట్ తీసేసి నేరుగా 12 మీద నడపబోయాను. శిఖరం 4 వోల్టుల దగ్గర తెగిపోయింది, వారం చివర బ్యాటరీ కుంగితే ఇంకా ముందే తెగుతుంది. 16 వోల్టులకు పెట్టాను. ఇప్పుడు 6.1 దాకా శుభ్రంగా ఊగుతుంది, అంటే 2.3 వాట్లు, పిన్ని శిఖరం పైన రెండున్నర డెసిబెళ్ల దాకా జాగా.

లోడు తగ్గేసరికి బూస్ట్ మాడ్యూల్ కొన్ని పల్సులు వదిలేస్తూ నడవడం మొదలుపెట్టింది. ఆ వదిలే లయ చెవికి వినిపించే పరిధిలోకి దిగి, సుమారు 3 కిలోహెర్ట్జ్ వద్ద దోమ కూతలా వచ్చింది. బూస్ట్‌కూ ఆంప్‌కూ మధ్య 100 మైక్రోహెన్రీ కాయిల్, 1000 మైక్రోఫారడ్ పెట్టాను. ఈ జంట 500 హెర్ట్జ్ పైన అడ్డుకుంటుంది. నేను మొదట పెట్టిన 10 మైక్రోహెన్రీ చిన్న కాయిల్‌తో కూత తగ్గింది కానీ పోలేదు.

వాటా 130 నుంచి 77కు. 1 వాటు వద్ద డిస్టార్షన్ 0.11. హీట్ సింక్ 38 డిగ్రీల సాయంత్రం 44 చూపింది.

మొత్తం: 87 మి.ఆం. ఇప్పటిదాకా ఖర్చు: 196 రూపాయలు.

దశ 5: క్లాస్ డీ పరీక్ష

ట్రాన్సిస్టర్లను స్విచ్చుల్లా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే క్లాస్ డీ ఆంప్లిఫయర్‌ను పరీక్షించకుండా ముగించడం నిజాయితీ కాదు. టీపీఏ 3110 బోర్డు ఒకటి తెచ్చి బూస్ట్ లేకుండా 12 వోల్టులకే కలిపాను. ఇందులో స్పీకరు రెండు తీగలూ ఊగుతాయి కనుక 12 మీదే కావలసినంత ఊపు వస్తుంది. ఖాళీ వినియోగం 36 మి.ఆం.

రెండు ఇబ్బందులు వచ్చాయి. స్పీకరు తీగ ఆరు మీటర్లు. ఫిల్టరు లేని బోర్డుకు అది ఏంటెన్నా అయి మైకు తీగలోకి గరగర తెచ్చింది. ఒక్కో తీగకు 33 మైక్రోహెన్రీ, 1 మైక్రోఫారడ్ పెట్టాక ఆగింది, వినియోగం 41 అయింది. రెండోది నా అలవాటు వల్ల జరిగింది: సౌండ్ కార్డు గ్రౌండును స్పీకరు 'మైనస్'కు తగిలించాను. ఈ బోర్డులో అది గ్రౌండు కాదు. లోపలి రక్షణ పనిచేసి బోర్డు ఆగిపోయింది, రెండూ బతికాయి. క్లాస్ డీ బోర్డుల స్పీకరు తీగలను వేటినీ దేనికీ గ్రౌండు చేయకండి.

ప్రీ-ఆంప్‌తో కలిపి మొత్తం 51. కొత్తగా కట్టేవారు ఇదే దారి పట్టాలి, ఫిల్టరుతో సహా. ఇప్పటికే మంచి క్లాస్ ఏబీ పెట్టె ఉన్నవారు దాన్ని పారేయనక్కర్లేదు. పిన్ని పెట్టెలో నేను పాతదే ఉంచాను. ఏ ట్రాన్సిస్టరు పోయినా గుజరాతీ గల్లీలో పది నిమిషాల్లో దొరుకుతుంది, టంకం కడ్డీ ఉన్న ఎవరైనా మార్చగలరు.

దశ 6: ఒక వారం డాబా మీద

సోమవారం నుంచి శనివారం దాకా 12 గంటలు, లాగర్ పెట్టెలోనే ఉంచాను.

పాఠం సగటు: 121 మి.ఆం. (ముందు 455)
వారం మొత్తం: 1.45 ఆంపియర్-గంటలు (ముందటి లెక్కన 5.46)
అనుకున్న హద్దు: 2.05
మొత్తం ఖర్చు, క్లాస్ డీ బోర్డు కాకుండా: 196 రూపాయలు

ఖర్చు లేకుండా దొరికిన లాభం ఒకటి ఇందులో ఉంది. బుధవారం స్పీకరును నేల మీది నుంచి తీసి పిల్లల చెవుల ఎత్తులో స్టూలు మీద పెట్టాం. వెనక వరుసకు బాగా వినపడుతుండడంతో పిన్ని వాల్యూమును ఒక గీత తగ్గించింది, ఆ రోజు సగటు 126 నుంచి 117కు దిగింది. ఈ పని మొదటి రోజే చేసి ఉండవలసింది.

శనివారం పాఠం అయ్యాక పిల్లలు వెళ్లిపోయారు. శ్రుతిపెట్టెను ఒక్కదాన్నే, వాల్యూము బాగా తగ్గించి పెట్టమంది పిన్ని. కళ్లు మూసుకుని కాసేపు వింది. "ఇప్పుడు తంబుర తంబురలా ఉంది" అని, బ్యాటరీ తీగలు ఊడదీస్తూ, "ఇంత తక్కువ తాగుతున్నప్పుడు దీనికంటే తేలికైన బ్యాటరీ సరిపోదూ?" అని అడిగింది. సోమవారం నుంచి 4.5 ఆంపియర్-గంటల బ్యాటరీతో లాగర్ మళ్లీ పెడుతున్నాను.